ఉత్తరపు గోడ మీద ఎవరి చెయ్యి

ఆగస్టు నెలలో పొగగొట్టంలోంచి రాత్రింబవళ్ళు పొగ వచ్చిన ఇల్లు ఆ ఊళ్ళో ఒక్కటే. అది ఫిజిక్స్ మాస్టారు ఎసెన్ కొత్తగా కట్టుకుంటున్న ఇల్లు. గడ్డికోతకు బండ్ల మీద వెళ్ళేవాళ్ళు ఆ పొగ చూసి, మాస్టారింట్లో చలికాలం ముందే దిగిందనీ, లోపల మంచు కూడా పడుతోందేమో చూసి రావాలనీ నవ్వుకునేవారు. ఎసెన్ పట్టించుకోలేదు. తడి ఆరాలంటే వేడి కావాలి. ఆ మాత్రం తనకు తెలుసుననుకున్నాడు.

ఎసెన్‌కు ముప్పై ఒకటి. నారిన్ పట్నంలో చదువుకుని, సొంత ఊరి బడిలోనే ఉద్యోగం తెచ్చుకున్నాడు. ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాడు. తండ్రి ఇల్లు చిన్నకొడుక్కి పోతుంది, పెద్దవాళ్ళు వేరే పొయ్యి వెలిగించుకోవాలి. అది అక్కడ అందరికీ మామూలే. తండ్రి వీధి చివర కాలవ పక్కన స్థలం చూపించాడు. అన్నదమ్ములు కిందటి వేసవిలో పచ్చి ఇటుకలు పోసి గోడలు లేపారు, ఈ జూన్‌లో కప్పు వేశారు. అప్పటిదాకా ఎసెన్, భార్య జిబెక్, పాప సెజిమ్ తండ్రి ఇంట్లో ఒక్క గదిలో సర్దుకున్నారు.

ఆ గదిలోనే ఫిబ్రవరిలో పాపకు ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. అప్పటికి రెండు నెలల పిల్ల. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మంచినీళ్ళ గ్లాసంత కూడా లేని ఆ ఛాతీ ఎగిరెగిరి పడటం ఎసెన్ చూశాడు. పంపించేటప్పుడు డాక్టరమ్మ చలిగాలి తగలనివ్వకండని ఒక్క మాటే చెప్పింది. ఆ మాట అతని బుర్రలో మేకులా దిగింది. అప్పట్నుంచి ఏ గదిలోకి వెళ్ళినా అగ్గిపుల్ల వెలిగించి తలుపు సందుల దగ్గర పట్టుకునేవాడు. మంట ఎటు వంగితే అటు గుడ్డ కుక్కేవాడు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు కూడా ఇల్లెంత పెద్దదని అతను ఆలోచించలేదు. గాలి దూరని ఇల్లు కావాలి, అంతే.

జూలైలో లోపలి గోడల పూతకు ‘అషార్’ పిలిచారు. అషార్ అంటే ఊరు వచ్చి చేసిపెట్టే సాయం. కూలి ఉండదు, కడుపునిండా తిండి పెట్టాలి. ఒక ఇంటి పూతకు ఒక్కసారే పిలుస్తారు. రెండోసారి పిలవాల్సిన ఖర్మ ఇంతవరకూ ఎవరికీ పట్టలేదు. మగవాళ్ళు ముందురోజే మట్టిలో గడ్డి కలిపి, గుర్రాన్ని తిప్పి తొక్కించి నానబెట్టారు. తెల్లారేసరికి పద్నాలుగు ఇళ్ళ ఆడవాళ్ళు నడుములు బిగించి దిగారు.

వాళ్ళ పెద్ద కల్బూబూ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఏ ఇంటి పూతకైనా ఆవిడే ముందు నిలబడేది. ఎవరు ఏ గోడ పుయ్యాలో వేలు చూపించి పంచేది. తను మాత్రం ఎప్పుడూ ఉత్తరపు గోడే తీసుకునేది. ఎండ మొహం చూడని గోడను కొత్తవాళ్ళకివ్వకూడదని ఆవిడ నియమం. అక్కడ పూత అరచేత్తోనే పూస్తారు. ఒకరి చెయ్యి ఎడమకు తిరుగుతుంది, ఒకరిది విసనకర్రలా పైకి విచ్చుకుంటుంది. పైన సున్నం వేసినా ఆ జాడ పోదు. కొత్త ఇంట్లోకి అడుగుపెట్టగానే ఆడవాళ్ళు చూసేది గోడలే. ఇది ఫలానా ఆమె చెయ్యి అని ఇట్టే చెప్పేస్తారు.

పూత అయ్యాక కల్బూబూ అడుగు తీసేసిన పాలపొడి డబ్బాలు రెండు తెచ్చింది. ఒకదాన్ని ఉత్తరపు గోడలో, కప్పుకు జానెడు కింద, అటునుంచి ఇటు ఆకాశం కనబడేలా పెట్టింది. రెండోది వంటింటి వైపు గోడలో, నేలకు దగ్గరగా పెట్టింది. మట్టి చేతులు దులుపుకుంటూ ఎసెన్‌కు అప్పగింతలు పెట్టింది.

“ఇవి ముయ్యకు నాయనా. కిటికీలు కూడా గడ్డికోతలు అయ్యేదాకా బిగించకు. గోడ తాగిన నీళ్ళు ఎటో ఒకటు పోవాలి.”

ఎసెన్ సరేనని తలూపాడు. ఆడవాళ్ళు మాంసం, మజ్జిగ ముగించి ఇళ్ళకు వెళ్ళారు. మూడో రోజున అతను నిచ్చెన వేసుకుని ఎక్కి ఆ డబ్బా ముందు అగ్గిపుల్ల వెలిగించాడు. మంట అడ్డంగా వంగి ఆరిపోయింది. పాప పడుకోబోయేది ఆ గదిలోనే. ఆ రంధ్రంలోంచి చలికాలంలో ఎంత వేడి పోతుందో కాగితం మీద లెక్క వేశాడు. లెక్క తప్పు కాదు. గొర్రె ఉన్ని అదిమి చేసిన దళసరి గుడ్డ ముక్కలు కుక్కి, పైన మట్టి మెత్తి, ఇనుప తాపీతో అద్దంలా నునుపు చేశాడు. కింద నిచ్చెన పట్టుకున్న జిబెక్, పెద్దమ్మ ముయ్యొద్దంది కదా అంది.

“పెద్దమ్మకు మట్టి తెలుసు. గాలి సంగతి నాకు తెలుసులే,” అన్నాడు ఎసెన్.

రెండో డబ్బా కూడా ఆ సాయంత్రమే మూతబడింది. వారం తిరక్కుండా ప్లాస్టిక్ కిటికీలు వచ్చాయి. ఒక్క వెంట్రుక కూడా దూరదని బిగించినవాడు గొప్పగా చెప్పాడు, ఎసెన్ అంతకన్నా గొప్పగా విన్నాడు. అటుపైన పొయ్యి వెలిగించి బొగ్గు ఎగదోశాడు. లోపల చెమట పట్టేంత వేడి. తలుపు తియ్యగానే తడిగొర్రె వాసన. ఆరుతోంది కాబట్టి ఆ వాసన అనుకున్నాడు. ఆ వేడిలోనే నేలకు చెక్కలు పరిచాడు, కప్పుకు అట్టలు కొట్టాడు, గోడలకు సున్నం వేశాడు. ప్రతి ఆదివారం అతని తమ్ముడు వచ్చి చూసి, ఉన్నంతసేపూ చొక్కా విప్పి విసురుకుంటూ, ఇది ఇల్లా స్నానాల గదా అని ఎగతాళి చేసేవాడు. సెప్టెంబరు ఒకటిన బడి తెరిచే ముందే కాపురం దిగారు. కల్బూబూ కూడా నూనెలో వేయించిన వేడి వేడి పిండివంట, బోర్సోక్‌లు, మూటగట్టుకుని వచ్చి, పాప బుగ్గ మీద పిండిచేత్తో నిమిరి, గదులన్నీ తిరిగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళింది.

సెప్టెంబరు రెండో వారానికి కొండల మీంచి చలి దిగింది. పొద్దున్న లేచేసరికి కిటికీ అద్దాల మీంచి నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. ఎసెన్ గుడ్డతో తుడిచి బకెట్లో పిండాడు. మర్నాడూ అంతే. నాలుగో రోజుకు నేలచెక్కలు ఉబ్బి తలుపు అడుగు పట్టేసింది. ఆ పైవారం ఉత్తరపు గోడ మూలలో, పాప ఉయ్యాల వెనక, మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు కనిపించాయి. బీరువా జరిపి చూస్తే అక్కడ ఎలుక బొచ్చులాంటిది మెత్తగా, బూడిదరంగులో, మనిషి ఎత్తున పాకి ఉంది. అప్పటికే పాపకు మూడు రోజులుగా దగ్గు.

ఆ పొద్దున్నే, బకెట్టు ముందు గొంతుక్కూచుని, ఎసెన్‌కు అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. ఎనిమిదో తరగతికి ఏటా చెప్పే పాఠమే అది. గాలి వేడిగా ఉంటే నీటిని మోస్తుంది. చల్లటిది తగిలితే దించేస్తుంది. చల్లటి చెంచా మీద పిల్లల చేత ఊపిరి ఊదించి మరీ చూపిస్తాడు. పిల్లల నోటుపుస్తకాల కట్టలోంచి ఒకటి తీసి వెనక పేజీలో లెక్క రాశాడు. గోడలు తాగిన నీరు టన్నుకు దగ్గర. ఆ ఇంట్లో ఉన్న గాలంతా కలిసి ఒక్కసారికి మోయగలిగింది రెండు లీటర్లు. ఆ రెండు లీటర్లను బయటికి పోనివ్వకుండా దార్లన్నీ తనే మూసి, పొయ్యి వేసి మళ్ళీ మళ్ళీ నింపుతూ పోయాడు. ఇంట్లో అన్నిటికన్నా చల్లటిది ఎండ తగలని ఉత్తరపు గోడ. నీరు పోయి అక్కడే దిగింది. వేడికి లెక్క కట్టినవాడు నీటికి కట్టలేదు.

ఆ పేజీ చింపి పొయ్యిలో వేశాడు.

మధ్యాహ్నం అతని తల్లి బురుల్ మనవరాలిని చూడ్డానికి వచ్చింది. మూల చూసి గుండెలు బాదుకుంది. గోడ మీద వేలితో రాసి, వాసన చూసి, మట్టి సరిగ్గా నానలేదేమో, గడ్డి కుళ్ళిందేమో అంది. ఇంకోసారి తేరిపార చూసింది. విసనకర్రలా విచ్చుకున్న ఆ చేతిజాడ ఎవరిదో ఆవిడకు చెప్పక్కర్లేదు.

“ఇది కల్బూబూ పూసిందే. మిగతా గోడలు చూడు, ఎంత తెల్లగా ఉన్నాయో. పాపం, వయసైపోయిందిరా ఆవిడకి. చెయ్యి పోయింది. కదూ?”

ఎసెన్ చేతిలో తడిగుడ్డ ఉంది. జిబెక్ పాపను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి భర్త మొహం వంకే చూస్తోంది.

“ఏమో. అయ్యుండొచ్చు,” అన్నాడు.

అంతకుమించి ఒక్కమాట కూడా అనలేదు. అనలేదనే తర్వాత చాలా రోజులు తనకు తాను చెప్పుకున్నాడు. కానీ మాట పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఫిజిక్స్ చదువుకున్న కొడుకు ఔనన్నాడు కదా అని బురుల్ కాలవ దగ్గర ఇద్దరితో అంది. ఆ ఇద్దరూ పాలకేంద్రం దగ్గర పదిమందితో అన్నారు. జిబెక్ ఆ వారం అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, పాపకు మందు పోస్తూ, తలెత్తకుండా అడిగింది. “నిచ్చెన పట్టుకున్నది నేను. నన్నడిగితే ఏం చెప్పమంటావు?” అతను బడికి వేళవుతోందని వెళ్ళిపోయాడు. బడికి అప్పటికింకా గంట టైముంది.

సెప్టెంబరు చివరి ఆదివారం లారీ డ్రైవరు తోక్తొసున్ ఇంట్లో అషార్. ఆ ఏటికి అదే ఆఖరిది, తర్వాత మట్టి గడ్డకడుతుంది. ఎసెన్ బకెట్లు మోయడానికి వెళ్ళాడు. గుమ్మం దాటి లోపలికి చూసేసరికి తల కొట్టేసినట్టయింది. గోడల దగ్గర వేలు చూపించి పంచుతున్నది కల్బూబూ కాదు, మైరమ్ అనే నలభై ఏళ్ళామె. కల్బూబూ పెరట్లో టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన పీట మీద కూచుని కేరట్లు తరుగుతోంది. పూతకు కట్టుకునే పాత నీలం ఏప్రన్ కట్టుకునే వచ్చింది. దాని మీద ఒక్క మట్టిచుక్క లేదు. కేరట్ తొక్కలు ఉన్నాయి.

ఏం జరిగిందో మగవాళ్ళ మాటల్లో తెలిసింది. తోక్తొసున్ భార్య గుమ్మంలోనే ఎదురెళ్ళి, పెద్దమ్మా, ఈసారికి మీరు కూచుని టీ తాగుతూ ఉండండి, పిల్లలు చూసుకుంటారు అందిట. మర్యాదగానే అంది. కల్బూబూ కూడా సరేనమ్మా, కత్తి ఏదీ అని అడిగి కూచుందిట. మట్టి తొక్కుతున్న ఒకతను ఎసెన్‌ను చూసి, ఏం మాస్టారూ, మీ గోడకి గడ్డం మొలిచిందట కదా, గీయించారా లేదా అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకతను అడ్డొచ్చి, మాస్టారినెందుకంటావ్, ఆయనేం చేశాడు, ముసలమ్మ చెయ్యి అలా ఉంటే అన్నాడు. ఎసెన్ కుక్కిన పేనులా బకెట్టెత్తుకుని నడిచాడు.

ఆరు బకెట్లు మోశాడు. ఏడోది ఎత్తి మళ్ళీ దించేసి పెరట్లోకి వెళ్ళాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. కల్బూబూ తలెత్తి చూసి, టీ పొయ్యమంటావా అంది. అతను నిలబడే, డబ్బాలు మూసింది తనేననీ, తడి గోడల మధ్య పొయ్యి పెట్టింది తనేననీ, గోడ పాడవడానికి ఆవిడ చెయ్యి కారణం కాదనీ చెప్పాడు. పాప జబ్బు సంగతి కూడా చెప్పబోయి, అది సాకులా వినిపించి, సగంలో ఆపేశాడు.

ఆవిడ కత్తి ఆపలేదు.

“నాకు తెలుసు. బోర్సోక్‌లు తెచ్చిన రోజే చూశాను. డబ్బా ఉండాల్సిన చోట నా వేళ్ళ జాడ లేదు, తాపీ నునుపు ఉంది. నువ్వే వచ్చి చెబుతావు కదాని ఊరుకున్నాను.”

“తప్పయిపోయింది పెద్దమ్మా.”

“నాకు చెబితే ఏం లాభం నాయనా? నా చెయ్యి పోయిందని నేను అనలేదుగా.”

అంటూ కొత్త కేరట్ అందుకుంది. ఎసెన్ ఇంటివైపు తిరిగాడు. పాపను ఎత్తుకుని జిబెక్ వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతోంది. తల్లి బురుల్ లోపల గోడ దగ్గర ఉంది. ఈ నాలుగడుగులూ ఇప్పుడు వెయ్యకపోతే శీతాకాలమంతా, వచ్చే వేసవీ, ఆపైనా ఈ ముసలామె కేరట్లు తరుగుతూనే ఉంటుంది. పాఠం చెప్పడానికి ముప్పైమంది ముందు నిలబడి అలవాటున్న మనిషే. అయినా గుమ్మం దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగాడు.

లోపలికి వెళ్ళి గది మధ్యలో నిలబడ్డాడు. మట్టి ముద్దలు గోడకు కొడుతున్న చప్పుడు ఆగలేదు. బకెట్టు లేకుండా ఎందుకొచ్చాడో మైరమ్‌కు అర్థం కాక, మట్టేదీ మాస్టారూ అని అడిగింది. అప్పుడు చెప్పాడు. నాలుగే నాలుగు ముక్కలు, నేల చూస్తూ.

“మా ఉత్తరపు గోడ పాడు చేసింది నేను. కల్బూబూ పెద్దమ్మ పెట్టిన డబ్బాలు నేను మూసేశాను. తడి పోకుండా పొయ్యి వేశాను. ఆ సంగతి నాకు తెలిసే, మా అమ్మ అడిగితే పెద్దమ్మ చెయ్యే అయ్యుండొచ్చన్నాను.”

చప్పుడు ఆగింది. ఎవరన్నా తిట్టి ఉంటే అతనికి కాస్త తేలిక పడేది. బురుల్ చేతిలో మట్టిముద్ద జారి నేలమీద పడింది. ఆవిడ వంగి తీసుకోలేదు, కొడుకు వంక చూడలేదు. కాలవ దగ్గర తను అన్న మాటలన్నీ ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళకు తెలుసు, తెలుసని ఆవిడకూ తెలుసు. తల్లి మెడమీద ఎర్రగా ఎగబాకిన రంగును ఎసెన్ చూశాడు. అది అతను ముందుగా లెక్కవేసుకోనిది.

చివరికి ఎవరో వెనకనుంచి అన్నారు. “పిల్లలకి పాఠాలు కూడా ఇలాగే చెబుతావా మాస్టారూ?” ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. మైరమ్ మాత్రం నవ్వలేదు. మట్టిచేతులతోనే పెరట్లోకి పోయి కల్బూబూను లేపబోయింది. ఆవిడ లేవలేదు. మొదలెట్టినవాళ్ళే ముగించాలమ్మా, ఒక పూతకు ఇద్దరు పెద్దలుండకూడదు, ఉత్తరపు గోడ మాత్రం ఎవరికీ ఇవ్వక నువ్వే పుయ్యి అని చెప్పి వెనక్కి పంపింది. తోక్తొసున్ భార్య సమోవార్ దగ్గర అటూ ఇటూ తిరుగుతూ ఆవిడ కప్పులో మూడుసార్లు టీ పోసింది. మూడూ చల్లారిపోయాయి.

బూజుపట్టిన కొత్త ఇంట్లో శీతాకాలం గడిపే వీల్లేదు. మళ్ళీ తండ్రి ఇంటి ఒంటిగదికే పోవాలి. చీకటి పడ్డాక సామాను చేరేద్దామని ఎసెన్ అన్నాడు. జిబెక్ ఒప్పుకోలేదు. ఉయ్యాల, పరుపులు, బీరువా పట్టపగలు బండికెత్తించి, వీధి పొడుగునా తనే పాపను ఎత్తుకుని ముందు నడిచింది. ఎసెన్ గుర్రం కళ్ళెం పట్టుకుని వెనక నడిచాడు. దారిలో నలుగురు పలకరించారు. నెల రోజుల కాపురమే, ఎక్కడికని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

మర్నాడు బడి అయ్యాక పార పట్టుకుని కొత్త ఇంటికెళ్ళేసరికి కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. కల్బూబూ మూతికి రుమాలు కట్టుకుని పీట ఎక్కి గోడ గీకుతోంది. నల్లబడ్డ పూత పెచ్చులు పెచ్చులుగా ఊడి నేలమీద పడుతోంది. విసనకర్రలా ఉన్న ఆ జాడ సగం వరకూ పోయింది.

ఎసెన్ పరుగున వెళ్ళి, దిగు పెద్దమ్మా, నేను గీకుతాను అని చెయ్యి చాపాడు.

“ఇది నేను పూసింది. నేనే తీస్తాను. నువ్వు నీది తియ్యి.”

అతనిది నిచ్చెన వేస్తేగాని అందనంత ఎత్తున ఉంది. నిచ్చెన ఎక్కి తాపీ పూత మీద పార మొన ఆనించాడు. బాగా గట్టిగా ఉంది, మంచి పనే చేశాడు. కింద గీకుతూనే, తల తిప్పకుండా ఆవిడ మాట్లాడింది. వచ్చే జూలైలో మళ్ళీ పుయ్యాలంది. ఎవరొస్తారు పెద్దమ్మా, రెండోసారి ఎలా పిలవను అన్నాడు ఎసెన్.

“ఎలా ఏముంది, కాళ్ళతో. పద్నాలుగిళ్ళకీ నువ్వే వెళ్ళి పిలువు. మీ అమ్మని పంపకు.”

“మీరొస్తారా?”

కల్బూబూ పీట దిగి, దాన్ని రెండడుగులు పక్కకు జరుపుకుని, మళ్ళీ ఎక్కింది.

“ముందు మా ఇంటికొచ్చి పిలువు,” అంది.

ఎసెన్ నిచ్చెన మీదే ఉన్నాడు. పద్నాలుగు గుమ్మాలు ఒక్కొక్కటీ కళ్ళముందు తిరుగుతుంటే, ఏ గుమ్మంలో ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక, పార ఎత్తి గోడలో గుచ్చాడు.